వాన ఊళ్లో ఉద్యోగం: కనజావా గురించి పాఠకుల ప్రశ్నలు

జపాన్ పశ్చిమ తీరంలో వానకు పేరుపడ్డ నగరం కనజావా. అక్కడ ఉంటూ ల్యాప్‌టాప్ మీద ఉద్యోగం చేసుకోవడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న (రాజాం): హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. ఎక్కడి నుంచైనా చేసుకోమంటున్నారు. వేరే దేశపు కంపెనీకి అక్కడ కూర్చుని పని చేసుకునేవాళ్లకు జపాన్ వాళ్లు డిజిటల్ నోమాడ్ వీసా ఇస్తున్నారట. మూడు నెలలు కనజావాలో ఉండి పని చేయొచ్చా?

జవాబు: మీది భారత పాస్‌పోర్టు అయితే ఆ వీసా రాదు. దీని గురించి వచ్చే వీడియోల్లో జీతం షరతు చెప్పి ఊరుకుంటున్నారు. అసలు అడ్డంకి అది కాదు.

2024 మార్చి 31న మొదలైన ఈ వీసాకు ఏడాదికి కోటి యెన్ల ఆదాయం చూపించాలి. కోటి యెన్ల దాకా వైద్య ఖర్చు భరించే బీమా కూడా ఉండాలి. వీటికి మించి, మీ దేశం జపాన్ ప్రకటించిన జాబితాలో ఉండాలి. జపాన్‌తో పన్ను ఒప్పందం, వీసా లేకుండా వచ్చిపోయే ఏర్పాటు రెండూ ఉన్న దేశాలకే అందులో చోటు. మనకు మొదటిది ఉంది, రెండోది లేదు. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా లెక్కలోకి రాదు, వాళ్లు చూసేది పాస్‌పోర్టే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకైతే దారి ఉంది. వాళ్లకు కూడా ఆరు నెలలే, పొడిగింపు లేదు. నివాస కార్డు ఇవ్వరు. కాబట్టి మామూలు అద్దె ఇంటికి ఒప్పందం రాసుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం చాలా కష్టం. సామాన్లతో సహా నెలవారీగా అద్దెకిచ్చే గదులే చూసుకోవాలి.

మనకు 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యాటక ఈ-వీసా ఉంది. ఒక్కసారి ప్రవేశం, గరిష్ఠంగా 90 రోజులు. అది ఊళ్లు చూడ్డానికి ఇచ్చేది. దాని మీద వెళ్లి రోజూ ఎనిమిది గంటలు లాగిన్ అవ్వమని మేం చెప్పలేం. జీతం వచ్చే పని పర్యాటక హోదాకు పొసగదు. పైగా మీ మేనేజర్ నోటిమాటగా సరేనన్నంత మాత్రాన కంపెనీ ఒప్పుకున్నట్టు కాదు. పన్నుల విభాగం, డేటా భద్రత విభాగం కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లేదంటే జపాన్ ఐపీ చిరునామా కనబడగానే, కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే మీ వీపీఎన్ ఖాతా ఆగిపోవచ్చు.

నిక్కచ్చి దారులు రెండున్నాయి. జపాన్ కంపెనీలో ఉద్యోగం తెచ్చుకుని, వాళ్లు ఒప్పుకుంటే టోక్యో బదులు కనజావాలో కాపురం పెట్టడం ఒకటి. మీ కంపెనీకి జపాన్‌లో శాఖ ఉంటే, ఇక్కడ కనీసం ఏడాది పని చేశాక అంతర్గత బదిలీ మీద వెళ్లడం రెండోది. రెండింటికీ అక్కడి సంస్థ ముందుగా అర్హత ధ్రువపత్రం తీసి పంపాలి.

పర్యటనకే వెళ్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఈ-వీసాను విమానాశ్రయంలో ఫోన్‌లో ఇంటర్నెట్ పెట్టి, అసలు వెబ్ పేజీనే తెరిచి చూపించాలి. ప్రింటు తీసిన కాగితం, స్క్రీన్‌షాట్, పీడీఎఫ్ ఒప్పుకోరు. అందుకని రోమింగ్ ఇంటి దగ్గరే వేయించుకుని బయల్దేరండి. బ్యాంకు ఓటీపీలకు కూడా ఆ సిమ్ బతికే ఉండాలి.

ప్రశ్న (బొబ్బిలి): జపాన్‌లో వానలు జూన్, జులైలో అని చదివాం. డిసెంబరులో వెళితే వాన గొడవ ఉండదు కదా?

జవాబు: టోక్యోకైతే మీ లెక్క సరిపోతుంది. కనజావాకు సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ అన్నిటికంటే తడి నెల డిసెంబరే.

కనజావాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 2,400 మిల్లీమీటర్లు. మన రెండు జిల్లాల్లో పడేదానికి దాదాపు రెట్టింపు. జూన్‌లో సుమారు 170 మిల్లీమీటర్లు పడితే, డిసెంబరులో వానా మంచూ కలిపి 300 దాకా పడుతుంది. కారణం సముద్రం. చలికాలంలో సైబీరియా నుంచి వచ్చే పొడిగాలి జపాన్ సముద్రం దాటాలి. ఆ నీటిలో సుషిమా అనే వెచ్చటి ప్రవాహం పారుతుంటుంది. చల్లటి గాలి దాని మీదుగా వస్తూ ఆవిరి పీల్చుకుని మబ్బవుతుంది. నగరం వెనకున్న 2,702 మీటర్ల హకుసాన్ పర్వతాన్నీ, దాని చుట్టుపక్కల కొండల్నీ ఎక్కలేక ఇవతలే కురిసేస్తుంది. కొండ దాటాక అదే గాలి ఎండిపోతుంది. టోక్యోలో శీతాకాలం ఎండగా ఉండేది అందుకే.

ఆ మబ్బులు ఉరుముతాయి కూడా. జపాన్ నగరాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉరుములు వినబడే ఊరు కనజావానే, అవీ ఎక్కువగా శీతాకాలంలోనే. కంప్యూటర్ మీద బతికేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సిన విషయం. అక్కడి దుకాణాల్లో 'కామినారి గార్డ్' అని రాసి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు అమ్ముతారు. పిడుగు పడ్డప్పుడు తీగలో వచ్చే వోల్టేజి పోటును అది ఆపుతుంది. ల్యాప్‌టాప్, రౌటర్, మానిటర్ మూడూ దానికే పెట్టండి. మరీ దగ్గర్లో ఉరుముతుంటే ప్లగ్గు పీకి బ్యాటరీ మీద పని చేసుకోవడం మేలు.

వాన పడే తీరు కూడా మనకు అలవాటైనది కాదు. మనకు అల్పపీడనం పట్టిందంటే రెండు మూడు రోజులు ఒకటే ముసురు, తర్వాత తెరిపి. అక్కడ నవంబరు నుంచి ఒకే రోజులో ఎండ, జల్లు, వడగళ్లు, మళ్లీ ఎండ. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని ఆ ప్రాంతంలో సామెత. వాతావరణ శాఖ ఇచ్చే వాన శాతం చూసి మోసపోకండి. ఆరు గంటల్లో కనీసం ఒక మిల్లీమీటరు పడే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. ఎంత పడుతుందో, ఎంతసేపు పడుతుందో అందులో ఉండదు. బయటికి కదిలేముందు అదే శాఖ వెబ్‌సైట్‌లో రాడార్ పటం తెరవండి. రాబోయే గంటలో మబ్బు ఎటు జరుగుతుందో ఐదేసి నిమిషాల చొప్పున చూపిస్తుంది. ఇరవై నిమిషాలు ఆగితే తెరిపి వస్తుందో లేదో తేలిపోతుంది.

మా సలహా అడిగితే ఏప్రిల్, మే నెలలు చెబుతాం. వానా తక్కువ, ఉక్కా లేదు. చలికాలపు కనజావా చూడాలని ఉంటే నవంబరులో వెళ్లండి. కెన్రోకుయెన్ తోటలో మంచు బరువుకు కొమ్మలు విరగకుండా నవంబరు 1 నుంచి పైన్ చెట్లకు గొడుగు ఆకారంలో తాళ్లు కట్టడం మొదలుపెడతారు. అదే నెల 6న పీతల వేట తెరుస్తారు. భావనపాడు, కళింగపట్నం వైపు వాళ్లకు ఒమిచో చేపల బజారు తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న (విజయనగరం, ఒక తల్లి): మా అమ్మాయి టోక్యో కంపెనీలో పని చేస్తోంది. అక్టోబరు నుంచి కనజావాలో గది తీసుకుని అక్కడి నుంచే పని చేస్తానంటోంది. అక్కడ బట్టలు ఆరవని, పరుపులకు బూజు పడుతుందని విన్నాను. ఏం జాగ్రత్తలు చెప్పమంటారు?

జవాబు: మీరు విన్నది నిజమేనమ్మా. కనజావాలో ఇంటి నుంచి పని చేసేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బయటి వాన కాదు, గదిలో చెమ్మ. ఆఫీసుకు వెళ్లేవాళ్లు పగలంతా గదిలో ఉండరు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు రోజంతా అక్కడే ఊపిరి విడుస్తారు, అక్కడే వండుతారు, అక్కడే బట్టలు ఆరేస్తారు. ఆ తడి అంతా తలుపులు మూసిన చిన్న గదిలోనే ఉండిపోతుంది.

గది చూసేటప్పుడే సగం పని అయిపోవాలి. నేలమట్టం అంతస్తు వద్దు. ఉత్తరం వైపు ఒక్క కిటికీయే ఉన్న గది వద్దు. స్నానాలగదిలో బట్టలారబెట్టే వేడిగాలి యంత్రం ఉందో లేదో అడగమనండి. దాన్ని 'యొకుషిత్సు కాన్సో' అంటారు. ఉంటే అద్దె కాస్త ఎక్కువైనా తీసుకోవచ్చు. 2003 జులై తర్వాత కట్టిన ఇళ్లలో గదిలో గాలి మార్చడానికి రోజంతా తిరిగే ఫ్యాను చట్ట ప్రకారం ఉండాలి. చాలామంది చలేస్తోందనో, శబ్దం వస్తోందనో దాన్ని ఆపేస్తారు. నెల తిరిగేసరికి అల్మరా వెనక గోడ నల్లబడుతుంది. ఎప్పుడూ ఆపొద్దని చెప్పండి.

మొదటి రోజే వెయ్యి యెన్ల లోపు దొరికే తేమ మీటరు కొనుక్కోవాలి. అంకె 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజు అదుపులో ఉంటుంది. 70 దాటి రోజుల తరబడి ఉంటే ఖాయంగా పడుతుంది. తేమ తీసే యంత్రాల్లో రెండు రకాలున్నాయి, ఇక్కడే చాలామంది తప్పుడు సరుకు కొంటారు. కంప్రెసర్ రకం వేసవిలో బాగా పని చేస్తుంది, గది చల్లబడితే నీరసించిపోతుంది. జియోలైట్ అనే తడి పీల్చే ఖనిజం వాడే డెసికెంట్ రకం చలిలోనూ తడి లాగుతుంది. కాకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది, గదిని కాస్త వేడెక్కిస్తుంది. అక్టోబరులో దిగేవాళ్లకు డెసికెంటే సరైనది. తొట్టి నిండితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. పడుకునేముందు ఒంపేయకపోతే రాత్రంతా ఆగిపోయే ఉంటుంది.

ఏసీ రిమోట్ మీద మూడు మీటలు గుర్తుపట్టాలి. రేబో అంటే చల్లదనం, దంబో అంటే వేడి, జోషిత్సు లేదా డ్రై అంటే తేమ తీయడం. వేసవిలో డ్రై బాగానే పని చేస్తుంది. జనవరిలో అది నొక్కితే గది ఇంకా చల్లబడుతుంది తప్ప ప్రయోజనం తక్కువ. అప్పుడు దంబో, పక్కన తేమ యంత్రం.

బట్టలు ఆరేసే పద్ధతి: దండెం చివరల్లో పొడుగువి, మధ్యలో పొట్టివి వేయాలి. కింది అంచు విల్లులా వంగి కనబడాలి. ఒకదానికీ ఇంకోదానికీ పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. కింద చిన్న ఫ్యాను పెట్టి గాలి పైకి కొట్టాలి. చొక్కా హ్యాంగర్ సన్నదైతే రెండు భుజాలూ ఒకదానికొకటి అంటుకుని అక్కడే ఆఖరుదాకా తడిగా ఉంటుంది, కాబట్టి మందపాటి హ్యాంగర్ వాడాలి. ఐదు గంటల్లో ఆరిపోవాలన్నది లక్ష్యం. అంతకు మించి తడిగా ఉంటే మొరాక్సెల్లా అనే బ్యాక్టీరియా పెరిగి ముక్క వాసన వస్తుంది. ఒకసారి పట్టిన ఆ వాసన ఎంత సబ్బుపొడి వేసినా పోదు. 60 డిగ్రీల వేడినీటిలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ తర్వాత మామూలుగా ఉతకాలి. ఉన్ని, పట్టు బట్టలకు ఇది పనికిరాదు. జీన్స్, దుప్పట్లు, తువ్వాళ్లు గదిలో ఆరేయనే వద్దు. వీధి చివర నాణేల లాండ్రీ ఉంటుంది. అక్కడి గ్యాస్ డ్రయ్యర్‌లో నూరు యెన్లకు సుమారు పది నిమిషాలు తిరుగుతుంది, నలభై నిమిషాల్లో దుప్పటి వేడిగా చేతికొస్తుంది.

పరుపు సంగతి. ఫుటాన్ అనే జపాన్ పరుపు నేల మీద పరుచుకుని పడుకుంటే ఒంటి వేడికి వచ్చే ఆవిరి అంతా కిందికి దిగి, చల్లటి నేల తగిలి నీరవుతుంది. రోజూ పొద్దున్నే ఎత్తి కుర్చీ మీద మడత వేస్తే చాలు. అలాగే వదిలేస్తే రెండు మూడు వారాలకు అడుగున నల్లచుక్కలు కనబడతాయి, అవిక పోవు. చెక్క పలకల అడ్డపట్టీ కింద వేసుకున్నా ఎత్తడం మానకూడదు. అల్మరాలో నూరు యెన్ల దుకాణంలో దొరికే, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు పెట్టాలి. లోపలి గుళ్లన్నీ కరిగి నీరు నిండిందంటే పారేసి కొత్తది పెట్టాలి. ఆ నీరు బట్టల మీద, తోలు వస్తువుల మీద ఒలికితే మచ్చ పోదు, కాబట్టి నేల మీదే ఉంచాలి.

ల్యాప్‌టాప్‌కి ఒకటే జాగ్రత్త. మంచులోంచి వెచ్చటి గదిలోకి వచ్చాక వెంటనే తెరవకూడదు. సంచీ జిప్పు తీయకుండా అరగంట ఉంచాలి. లేకపోతే గాలిలో ఆవిరి చల్లటి లోహం మీద, లోపలి బోర్డు మీద నీటిబొట్లుగా చేరుతుంది.

ప్రశ్న (టెక్కలి): మా టీమంతా హైదరాబాద్‌లో ఉంటుంది. జపాన్ శాఖకు బదిలీ అవుతున్నాను. కనజావాలో కూర్చుని ఎలా సర్దుకోవాలి? కాల్స్ ఎక్కడ మాట్లాడాలి?

జవాబు: జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇక్కడి తొమ్మిదిన్నర అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఇక్కడి సాయంత్రం ఆరున్నర అక్కడ రాత్రి పది. అంటే పొద్దుటి పూటంతా మీదే. ఇది పెద్ద వరం, నిద్రపోయి పోగొట్టుకోకండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటగానే సూర్యుడు గుంకుతాడు కాబట్టి వెలుగు చూడాలంటే ఉదయమే చూడాలి. కెన్రోకుయెన్‌లో తెల్లవారుజామున టికెట్ లేకుండా లోపలికి వదులుతారు. మామూలుగా తెరిచే సమయానికి పావుగంట ముందు బయటికి వచ్చేయాలి. వాన వెలిసిన వెంటనే ఆ తోటలో నాచు నిగనిగలాడుతుంది, జనం కూడా ఉండరు.

అమెరికా క్లయింట్ కాల్ ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు అంటే కనజావాలో అర్ధరాత్రి. చెక్కతో కట్టిన అపార్ట్‌మెంట్లలో గోడలు పల్చన, మాట పక్కింటికి వినబడుతుంది. ఫిర్యాదు మీ తలుపు తట్టి చెప్పరు, ఇంటి యజమాన్య సంస్థ నుంచి కాగితం వస్తుంది. రాత్రి కాల్స్ తప్పనివాళ్లు కాంక్రీటు భవనమే తీసుకోవాలి.

పని చేసుకునే చోట్లలో మాకు అన్నిటికంటే నచ్చేది కనజావా ఉన్న ఇషికావా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటిది) గ్రంథాలయం. 2022 జులైలో తెరిచారు. గుండ్రటి మెట్ల సభలాంటి చదువుల హాలు, కావలసినన్ని కుర్చీలు, ప్రవేశం ఉచితం. సోమవారం సెలవు, సాయంత్రానికి మూసేస్తారు. కోడ్ రాయడానికి, నివేదికలు చదవడానికి పొద్దుట అక్కడ కూర్చోండి. కాల్స్‌కి అది చోటు కాదు. కాఫీ దుకాణాల్లోనూ గొంతెత్తి మీటింగ్ మాట్లాడితే చుట్టూ ఇబ్బందిపడతారు, రైల్లో అసలే మాట్లాడకూడదు. కాల్స్ ఉన్న రోజు తలుపు వేసుకునే ఫోన్ బూత్ ఉన్న కోవర్కింగ్ స్థలంలో సీటు తీసుకోండి. గది బుక్ చేసేముందు వైఫై ఉందా అని అడిగితే ఉంది అంటారు, అది చాలదు. అప్‌లోడ్ వేగం ఎంతో స్పీడ్ టెస్ట్ ఫొటో పంపమనండి.

ప్రశ్న (పలాస): జీడిపప్పు, పచ్చళ్లు, కందిపప్పు, మిక్సీ పట్టుకెళ్లొచ్చా?

జవాబు: వేయించి ప్యాక్ చేసిన జీడిపప్పు, ఆవకాయ, దబ్బకాయ ఊరగాయ, సీలు వేసిన కారప్పొడులు హాయిగా తీసుకెళ్లండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం చిన్న సీసా కూడా వద్దు. మాంసం కలిసిన ఏ పదార్థానికైనా నిషేధం ఉంది. చట్టంలో 30 లక్షల యెన్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు రాసి ఉంది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు వద్దు. బియ్యం, ముడి పప్పులు కూడా మొక్కల తనిఖీ కిందకే వస్తాయి, ధ్రువపత్రం కావాలి. కందిపప్పు బదులు కందిపొడి పెట్టుకోండి. పప్పు అక్కడి హలాల్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. నెయ్యి ఇంటి వాడకానికి సరిపడా అయితే పరవాలేదు.

మిక్సీ వద్దు. అక్కడ కరెంటు 100 వోల్టులే. మన నీళ్ల హీటర్ రాడ్డు వెయ్యి వాట్లది అక్కడ పెడితే సుమారు 190 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వోల్టేజి సగానికి తగ్గితే శక్తి పావు వంతుకు పడిపోతుంది. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద 100 నుంచి 240 అని ఉంటే ఇబ్బంది లేదు, రెండు చదును పిన్నుల అడాప్టర్ చాలు. మూడో పిన్నుకు గోడలో రంధ్రం దాదాపు ఉండదు. తిరిగొచ్చేటప్పుడు అక్కడి 100 వోల్టుల రైస్ కుక్కర్ తెచ్చి పలాసలో పెట్టారంటే మాడిపోతుంది.

ప్రశ్న (ఆమదాలవలస): అక్కడ సైకిల్ మీద తిరగొచ్చా? గొడుగు, చెప్పుల మాటేమిటి?

జవాబు: ఊరు చిన్నది, సైకిల్ బాగా పనికొస్తుంది. గొడుగు పట్టుకుని తొక్కడం మాత్రం నేరం, జరిమానా పడుతుంది. పైనా కిందా వేరువేరుగా ఉండే రెయిన్‌సూట్ కొనుక్కోండి. కన్వీనియన్స్ స్టోర్లో దొరికే పారదర్శక గొడుగు జల్లుకు సరిపోతుంది, సముద్రపు గాలికి తిరగబడి ఊచలు విరుగుతాయి. ఫైబర్ ఊచలది తీసుకోండి. హ్యాండిల్‌కు రంగు టేపు చుట్టుకోండి, దుకాణం ముందు స్టాండులో అన్నీ ఒకేలా ఉంటాయి.

మంచు పడ్డప్పుడు వీధుల్లో నడిమధ్య గొట్టాల్లోంచి భూగర్భజలం చిమ్మి కరిగిస్తారు. ఆ నీళ్లు చీలమండల దాకా ఎగురుతాయి, పైగా కార్లు చిందిస్తాయి. గుడ్డ బూట్లు ఒక్క రోజులో తడిసి ముద్దవుతాయి. మోకాలి కిందిదాకా వచ్చే రబ్బరు బూట్లు కావాలి. తడిసినవాటిలో పాత పేపరు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి.

ప్రశ్న (నరసన్నపేట): మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉండటానికి వెళ్తున్నాను. షుగర్, బీపీ మాత్రలు మొత్తం తీసుకెళ్లొచ్చా?

జవాబు: డాక్టరు రాసిన మందులు ఒక నెలకు సరిపడా వరకు అనుమతి లేకుండా తీసుకెళ్లవచ్చు. మూడు నెలలవి కావాలంటే 'యున్యు కకునిన్-షో' అనే దిగుమతి ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో జపాన్ ఆరోగ్య శాఖకు పెట్టాలి. అబ్బాయితో పెట్టించండి, ప్రయాణానికి నెల ముందు మొదలుపెట్టండి. మందుల పేర్లు, మోతాదు, రోజుకెన్ని అని ఇంగ్లీషులో ఉన్న డాక్టరు చీటీ కావాలి. మాత్రలు అట్టల్లోంచి తీసి డబ్బాల్లో పోయకండి, అసలు ప్యాకింగ్‌తోనే ఉంచండి. దగ్గు సిరప్‌లో కోడీన్ ఉందేమో, జలుబు మాత్రలో సూడోఎఫిడ్రిన్ ఉందేమో సీసా మీద చూసుకోండి. పరిమితి మించితే ముందస్తు అనుమతి లేకుండా రెండూ నిషిద్ధమే. ఇన్సులిన్ వాడుతుంటే సూదుల సంగతి కూడా ఆ చీటీలో రాయించి, విమానంలో చేతిసంచీలోనే పెట్టుకోండి.